ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి

మా మేనేజరుకి నా మీద గౌరవం ఉన్నది ఒకే ఒక్క విషయంలో. నా చదువు మీద కాదు, ఇరవై రెండేళ్ళ సర్వీసు మీద అసలే కాదు, నా ల్యాప్‌టాప్ బ్యాగు మీద. కొత్తగా చేరిన ఏడుగురు ఇంజినీర్ల కోసం ఒక పేజీ రాసిమ్మన్నాడు.

"తరచూ తిరిగేవాళ్ళు బ్యాగులో ఏం పెట్టుకోవాలో రాయి. నువ్వు రాస్తేనే వాళ్ళకి బుద్ధొస్తుంది" అన్నాడు. అంతకు ముందు వారం ఆ ఏడుగురిలో ఒకడు ఛార్జర్ ఇంట్లో మర్చిపోయి, ఊరవతల ఫ్యాక్టరీలో ఆరు గంటలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడట. ఇంజినీరింగ్ నాలుగేళ్ళు చదివాడు మహానుభావుడు.

మేం పాల ప్యాకెట్లు నింపే మెషీన్లు బాగుచేస్తాం. పాలు ఎవరి కోసమూ ఆగవు. మెషీన్ ఆగిందంటే వెనక ట్యాంకులో పాలు నిండిపోతూ ఉంటాయి, బయట లారీలు వరసకట్టి ఉంటాయి, ఫ్యాక్టరీవాళ్ళు నా ఫోన్ మోగిస్తూ ఉంటారు. ఫోన్ వచ్చిన అరగంటలో ఇల్లు వదలాలి. అరగంటలో చొక్కా ఎక్కడుందో వెతుక్కునేవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. అందుకే నా బ్యాగు ఎప్పుడూ సర్దే ఉంటుంది, వీధి తలుపు పక్కన చిన్న బల్ల మీద.

ఆ పేజీ ఒక్క ఊపులో రాసేశాను. ల్యాప్‌టాప్ వీపుకి ఆనే అరలో. మెషీన్‌కి తగిలించే కేబుళ్ళు రెండు, ఎందుకంటే ఒకటి కచ్చితంగా పనిచేయదు. మెషీన్ ప్రోగ్రామ్ కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ లోపలి జిప్పులో, తాళాలు పెట్టే చోట మాత్రం కాదు. చుట్టగా చుట్టిన చొక్కా ఒకటి, లోపలి బట్టలు రెండు జతలు, మేజోళ్ళు రెండు జతలు. టూత్‌బ్రష్, సబ్బు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, చిన్న టార్చి, ఒక స్పూను. నాలుగు ప్లగ్గులు పట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎందుకంటే హోటళ్ళలో ప్లగ్గు ఎప్పుడూ మంచం వెనకే ఉంటుంది. ఆ కింద గీత గీసి అసలు సూత్రం రాశాను: ప్రతి వస్తువూ ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి. బ్యాగులోది ఇంట్లో వాడకూడదు, ఇంట్లోది బ్యాగులోకి పోకూడదు. అప్పుడు మర్చిపోవడం అనే మాటే ఉండదు.

మేనేజరు చదివి, "బంగారం లాంటి మాట" అన్నాడు.

ఆ బంగారం లాంటి మాటే నా కొంప ముంచిందని మా ఆవిడ అంటుంది. ఇప్పుడు మా ఆవిడ అనకూడదు. విడిపోయి ఏడాదిన్నర అవుతోంది. నన్ను 'ఏమండీ' అని పిలవడం మానేసింది, 'మీరు' అనడం మాత్రం మిగిలింది. ఆమె మందుల షాపు నడుపుతుంది. వెళ్ళిపోయే రోజున గట్టిగా అరవలేదు, ఏడవలేదు.

"మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ బ్యాగు తలుపు దగ్గరే ఉంటుంది. పదకొండేళ్ళు దాన్ని చూస్తూ అన్నం తిన్నాను. ఇంక నా వల్ల కాదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. బ్యాగు మీద అలిగే మనిషిని నేను ఎక్కడా చూడలేదు. వెటకారంగా ఏదో అన్నాను కూడా. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడు పెట్టిన కేకలకి ఆసుపత్రి అంతా లేచి కూర్చుంది కాబట్టి దానికి పిడుగు అని ముద్దుపేరు పెట్టుకున్నాం. ఆ రోజు మాత్రం పిడుగు నోరు మెదపకుండా వాళ్ళమ్మ వెనకే నడిచి వెళ్ళిపోయింది.

ఈ ఏడాదిన్నరలో నాకు ఒకటి బోధపడింది. మెషీన్లు లేకుండా ఉండగలను, ఆ పిల్ల లేకుండా ఉండలేను. ఫ్యామిలీ కోర్టులో అర్జీ పెట్టుకున్నాను: ఒక వారం వాళ్ళమ్మ దగ్గర, ఒక వారం నా దగ్గర.

అక్కడి కౌన్సెలర్ మేడమ్ నెమ్మదస్తురాలు. కళ్ళజోడు మీదుగా చూస్తూ, "ఆరు వారాలు చూద్దాం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా పాప మీ దగ్గర ఉంటుంది. ఆ తర్వాత నేను పాపతో ఒంటరిగా మాట్లాడతాను. తన ఇష్టాన్ని బట్టే మా రిపోర్టు ఉంటుంది. కాదంటే నెలకో ఆదివారంతో సరిపెట్టుకోవాలి మరి" అంది.

"ఆ ఆరు వారాలూ నేను ఇంట్లోనే ఉంటాను. రాసివ్వమంటారా?" అన్నాను.

"నాకు రాసివ్వడం ఎందుకండీ, పాపకి నమ్మకం కలిగితే చాలు" అంది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, దాన్నే నమ్ముకున్నాను. పిల్ల ప్రతివారం మూటా ముల్లే కట్టుకుని అటూ ఇటూ తిరగకూడదనుకున్నాను. వాళ్ళమ్మకి ఫోన్ చేసి, పిడుగుకి ఏమేం ఉన్నాయో చెప్పమన్నాను.

"అన్నీ అంటే?" అంది ఆమె.

"అన్నీ. బ్రష్ రంగుతో సహా."

ఆమె మందుల చీటీ చదివినట్టు ఒక్కొక్కటే చెప్పింది, నేను రాసుకున్నాను. ఆకుపచ్చ బ్రష్షు, పసుపు అంచు తువ్వాలు, చుక్కల దుప్పటి, మూడు జతల బట్టలు, మంచం పక్క బల్ల మీద ఉండే దీపం, రంగు పెన్సిళ్ళ డబ్బా, అది పడుకునేటప్పుడు పట్టుకునే బూడిదరంగు ఏనుగు బొమ్మ. నాలుగు రోజులు దుకాణాలన్నీ కాళ్ళరిగేలా తిరిగాను. ఒక్క వస్తువు తేడా రాకుండా తెచ్చి, వాళ్ళింట్లో ఏది ఎక్కడ ఉంటుందని చెప్పిందో అక్కడే నా ఇంట్లో పెట్టాను. మంచం కూడా కిటికీకి అదే వైపున వేశాను. అయిపోయాక గుమ్మంలో నిలబడి చూసుకుంటే నా గుండె నిండిపోయింది. ఇంత పకడ్బందీగా ఏ తండ్రి చేశాడో రమ్మనండి.

మొదటి శుక్రవారం పిడుగు స్కూలు బ్యాగు కాక ఇంకో సంచి తెచ్చుకుంది. వాళ్ళమ్మ కింద నుంచే వెళ్ళిపోయింది. అది కుర్చీ అంచున కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం తెచ్చావమ్మా అందులో?"

"నా వస్తువులు నాన్నా."

"నీ వస్తువులన్నీ ఇక్కడే ఉన్నాయి పిడుగూ! రా, చూపిస్తా" అని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళాను. అది ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. అన్నీ అవే అని దాని మొహంలో ఆశ్చర్యం కనిపించింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. "వచ్చేవారం నుంచి ఖాళీ చేతుల్తో రా. ఏమీ మోసుకురావక్కర్లేదు" అన్నాను. అది తల ఊపి, ఏనుగు బొమ్మని తీసి తిప్పి చూసింది.

"దీని చెవికి కుట్టు లేదు" అంది.

వాళ్ళమ్మ దగ్గరున్న ఏనుగు చెవి పిడుగుకి నాలుగేళ్ళప్పుడు చిరిగింది. అప్పుడు నేను ఎక్కడో ఫ్యాక్టరీలో ఉన్నాను. వాళ్ళమ్మ నల్లదారంతో కుట్టిందట. ఆ సంగతి నా జాబితాలో లేదు. నా పనిలో వివరం తప్పడం అంటే నాకు తల తీసేసినట్టుంటుంది. ఆదివారం సాయంత్రం పిల్లని దింపి వచ్చి, సోమవారం పొద్దున్నే పాత ఫోటోలన్నీ వెతికాను. ఒకదాంట్లో దొరికింది. ఎడమ చెవి, ఏడు కుట్లు. బ్లేడు తీసుకుని కొత్త ఏనుగు చెవి అక్కడే కోసి, నల్లదారంతో ఏడే కుట్లు వేశాను. మూడుసార్లు విప్పి కుట్టాను, ఫోటోలో ఉన్నట్టు వంకరగా వచ్చేదాకా.

రెండో శుక్రవారం దాని చేతికిచ్చి, "ఇప్పుడు చూడు, అచ్చం అదే" అన్నాను.

పిడుగు చెవి మీద వేలు పెట్టి రాసింది. "ఎలా చిరిగింది నాన్నా?"

"చిరగలేదు, నేనే కోశాను."

అది నా మొహంలోకి చూసి, బొమ్మని జాగ్రత్తగా మంచం మీద పెట్టేసింది. మళ్ళీ దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు. పిల్ల ఎదుగుతోంది, బొమ్మల మీద మోజు పోయింది అనుకున్నాను. ఇంత మొద్దు బుర్రతో ఇంజినీరుగా ఎలా నెట్టుకొచ్చానో నాకే అర్థం కాదు.

మూడో వారం శనివారం పొద్దున దుప్పటి తీసి లేపబోతే కాళ్ళకి మేజోళ్ళు ఉన్నాయి. చలేసిందా అని అడిగితే లేదంది. తొందరగా బూట్లు వేసుకోవచ్చని అంది. ఎందుకమ్మా తొందర అంటే, గది గుమ్మంలోంచి కనిపించే వీధి తలుపు వైపు చూసింది. అక్కడ బల్ల మీద నా బ్యాగు ఉంది. ఆ బ్యాగు అక్కడ ఉన్నట్టే నాకు గుర్తులేదు. ఇరవై ఏళ్ళ నుంచీ అక్కడే ఉంటోంది, గోడకి సున్నం ఉన్నట్టు. "నేను ఎక్కడికీ వెళ్ళనమ్మా, మేనేజరుకి చెప్పేశాను" అన్నాను. "సరే నాన్నా" అంది. మేజోళ్ళు తియ్యలేదు.

నాలుగో వారం మా ఇద్దరికీ ఒక మంచి శనివారం దొరికింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ రోజే కనిపిస్తుంది. మధ్యాహ్నం పిడుగు బల్ల సొరుగులోంచి నేను రాసిన పేజీ తీసి చదువుతోంది.

"నాన్నా, స్పూను ఎందుకు?"

"ఫ్యాక్టరీలో అన్నం ప్యాకెట్ ఇస్తారు. స్పూను ఇవ్వరు. గ్రీజు చేతుల్తో తింటావా?"

అది కిలకిలా నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. "చొక్కా చుట్ట ఎలా చుడతారు?" అంది. ఇంక నాకు పట్టపగ్గాలున్నాయా! నేల మీద కూర్చుని చూపించాను. చేతులు లోపలికి మడిచి, కింద నుంచి బిగించి చుట్టాలి, గాలి ఉండకూడదు. దానికి రెండోసారికే వచ్చేసింది. కంపెనీవాళ్ళు ఎప్పుడో ఇచ్చిన చిన్న బ్యాగు అటక మీద ఉంటే దించి తుడిచి ఇచ్చాను. మరి సూత్రం ప్రకారం ఇంట్లోది బ్యాగులోకి పోకూడదు కదా! ఇద్దరం కలిసి దుకాణానికి వెళ్ళి మూడో ఆకుపచ్చ బ్రష్షు, మూడో దువ్వెన, ఇంకో జత మేజోళ్ళు తెచ్చాం. సాయంత్రం దాకా సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. నేను గడియారం పట్టుకుని కూర్చున్నాను. మొదట పదకొండు నిమిషాలు, తర్వాత ఏడు, చివరికి నాలుగు.

"మా ఇంజినీర్లకంటే నువ్వే నయం పిడుగూ, రేపే ఉద్యోగం ఇప్పిస్తా" అన్నాను.

దాని బ్యాగు కూడా తలుపు పక్కన నా బ్యాగు పక్కనే పెట్టింది. తండ్రీకూతుళ్ళ బ్యాగులు పక్కపక్కనే ఉంటే నాకు కళ్ళు చెమర్చాయి. పిల్ల నా దారిలోకి వచ్చేసింది, కోర్టులో నావైపే మొగ్గుతుందనుకున్నాను. వాళ్ళమ్మ ఏమనుకున్నా సరే, పదకొండేళ్ళు ఆమెకి నచ్చనిది నా కూతురికి ఒక్క పూటలో నచ్చిందనుకున్నాను. అంత గర్వం నాకు.

అయిదో వారం మామూలుగా గడిచింది. ఆరో వారం శనివారం పొద్దున పదింటికి ఫోన్ మోగింది.

మేనేజరు. నేను పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. పెద్ద పాల డెయిరీలో రెండు మెషీన్లు ఒకేసారి ఆగాయట. ప్యాకెట్ అంచుని వేడితో అతికించే దగ్గర ఏదో తేడా, ప్రతి ప్యాకెట్టూ కారిపోతోందట. రెండో ఇంజినీరు ఎక్కడో దూరాన ఇరుక్కున్నాడట.

"నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. ఒక్కపూట" అన్నాడు.

"ఈ వారం ఆఖరిదని చెప్పాను కదా. నేను రాను."

"ట్యాంకు నిండిపోతోందయ్యా! అరవై వేల లీటర్లు. పారబోయాల్సొస్తుంది."

"పొయ్యనివ్వండి."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?"

"నేనే. పుట్టి మునిగినా సరే, ఇవాళ గడప దాటను" అని ఫోన్ కట్టేసి, స్విచ్చాపి, సొరుగులో పడేశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క కాల్‌కి కూడా కాదనని మనిషిని. కానీ లోపల ఎక్కడో తేలిగ్గా ఉంది. గెలిచాననిపించింది. ఈ మాట పిడుగుకి చెప్పి, దాన్ని ఎత్తి గిరగిరా తిప్పాలని తలుపు తీశాను.

పిడుగు వీధి తలుపు దగ్గర నిలబడి ఉంది. బూట్లు వేసుకుంది, లేసులు కట్టుకుంది, బ్యాగు వీపున తగిలించుకుంది.

"నేను రెడీ నాన్నా. నీ బ్యాగులో ఉన్న ఇంకో ఫోన్‌తో అమ్మకి చెప్పాను. ఇరవై నిమిషాల్లో వస్తానంది. నువ్వు బయల్దేరు, నేను కింద నిలబడతాను" అంది.

దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నేను వెళ్ళట్లేదమ్మా. రానని చెప్పేశాను. నీతోనే ఉంటాను."

"ఫర్వాలేదు నాన్నా. నేనేం అనుకోను."

"నిజంగా వెళ్ళట్లేదు!"

"పాలు పాడైపోతాయి కదా" అంది. అలక లేదు, ఎత్తిపొడుపు లేదు. పనిమీద వెళ్ళే మనిషికి ధైర్యం చెబుతున్నట్టు చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల.

వాళ్ళమ్మ వచ్చింది. మెట్లెక్కి వచ్చేసరికి ఆమె మొహంలో ఇదంతా ముందే తెలిసినట్టు ఉంది. నేను అడ్డంగా నిలబడి, పొరపాటైంది, నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు అన్నాను. ఆమె నన్ను వదిలేసి పిల్లని అడిగింది: "ఉంటావా నాన్న దగ్గర?"

పిడుగు నా మొహం చూసింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, దాన్ని చూసి జాలిపడింది. "ఉంటాను" అంది.

వాళ్ళమ్మ వెళ్ళిపోయింది. మేం పేకముక్కలతో ఇల్లు కట్టే ఆట ఆడాం. అది బూట్లు విప్పలేదు. పక్కింట్లో ఫోన్ మోగితే తల తిప్పి చూసింది. నేను మంచినీళ్ళకి లేస్తే అదీ సగం లేచింది. "ఇప్పుడా నాన్నా?" అంది ఒకసారి. కాదమ్మా అన్నాను. ఎన్నిసార్లు కాదన్నానో! ఇన్నేళ్ళు వెళ్ళిన మనిషి ఒక్కరోజు వెళ్ళనంటే ఎవరు నమ్ముతారు? మాట మీద నమ్మకం లేనప్పుడు చేతలతో చూపించాలి అనుకున్నాను. బల్ల మీదున్న నా బ్యాగు తీసి దాని ముందు పెట్టి, జిప్పులన్నీ లాగి, నేల మీద గుమ్మరించాను.

"చూడు! విప్పేశాను. ఇంక వెళ్ళడానికి లేదు. ఇదిగో" అని ఖాళీ బ్యాగుని అటక మీదకి విసిరాను. అది అటక అంచుకి తగిలి మళ్ళీ కిందే పడింది. నా తీరు ఎలా ఉందంటే, గొంతు హెచ్చింది, ఒగురుస్తున్నాను. పిడుగు భయపడింది. కాసేపు అలాగే నిలబడి, నేల మీద కూర్చుంది.

అక్కడ పడున్న చొక్కాని దులిపి, చేతులు లోపలికి మడిచి, కింద నుంచి చుట్టడం మొదలుపెట్టింది.

"వద్దమ్మా" అన్నాను.

"తర్వాత తొందరలో ఏదో ఒకటి మర్చిపోతావు" అంది.

బ్యాగు దగ్గరికి లాక్కుని ల్యాప్‌టాప్ వీపుకి ఆనే అరలో పెట్టింది. కేబుళ్ళు రెండూ విడివిడిగా చుట్టి ముందు జేబులో, పెన్‌డ్రైవ్ లోపలి జిప్పులో, మాత్రలు పైన, స్పూను పక్కన. పేజీ చూడనే లేదు. నేను గోడకి చేరగిలబడి చూస్తూ ఉండిపోయాను. ఒక్క వస్తువు కూడా తప్పు జేబులోకి పోలేదు. నేను దానికి ఏం నేర్పానో అప్పుడు తెలిసింది. వెళ్ళిపోయేవాడికి సాయం చేయడం నేర్పాను. దానికి నచ్చి నేర్చుకోలేదు. నేను పోయేటప్పుడు తను అడ్డం కాకూడదని నేర్చుకుంది. బ్యాగు తీసుకెళ్ళి బల్ల మీద దాని చోట పెట్టి, చేతులు దులుపుకుని, "అయిపోయింది" అంది.

నేను ఏడ్చాను. అది వచ్చి నా తల నిమిరింది.

బుధవారం ఫ్యామిలీ కోర్టులో పిడుగుని కౌన్సెలర్ మేడమ్ లోపలికి పిలిచింది. బయట బెంచీ మీద ఈ చివర నేను, ఆ చివర వాళ్ళమ్మ. మధ్యలో ముగ్గురు కూర్చునేంత చోటు. ఇరవై నిమిషాలు గడిచాయి. పిల్లని బయటికి పంపి నన్ను రమ్మన్నారు.

"అమ్మ దగ్గరే ఉంటానంది" అంది మేడమ్, నేను కూర్చోకముందే.

ఆ మాట వింటానని నాకు ముందే తెలుసు. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. చెట్టంత మనిషిని, దొంగలా అడిగాను: "మొన్న ఫోనొస్తే నేను వెళ్ళలేదని చెప్పిందా?"

"చెప్పింది. తన మూలాన అన్ని పాలు పారబోశారని బాధపడింది. మీకు ఉద్యోగం పోతుందేమోనని నన్నడిగింది."

నేను చేసిన ఒకే ఒక్క మంచి పని కూడా దాని నెత్తిన బరువైంది.

"నా దగ్గర ఏం లోటో చెప్పిందా మేడమ్? ఏదైనా సరే, తెచ్చిపెడతాను."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "లోటేం లేదంది. నాన్న బాగా చూసుకుంటారు, అరవరు, అన్నీ ఉన్నాయి, హోటల్లాగా శుభ్రంగా ఉంటుంది అంది. ఆ ఇంట్లో నీవి ఏమేం ఉన్నాయమ్మా అని అడిగాను." కళ్ళజోడు అద్దాలు తుడిచింది. "చాలాసేపు ఆలోచించింది పాపం. నావి ఏమీ లేవు, అన్నీ నాన్నవే అంది."

ఇంకేవో చెప్పింది. నెలకో ఆదివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అంది. చూపించిన చోట సంతకం పెట్టాను.

వసారాలో తల్లీకూతుళ్ళు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. పిడుగు నన్ను చూసి నేల చూపులు చూసింది, తప్పు చేసినట్టు. తప్పు దానిది కాదని చెప్పాలనుకున్నాను. గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"ఇంట్లో నీ వస్తువులు... ఏమైనా తెచ్చివ్వనా అమ్మా? పెన్సిళ్ళ డబ్బా, దుప్పటి, ఏదైనా?"

"వద్దు నాన్నా. అన్నీ అమ్మ దగ్గర ఉన్నాయి కదా."

ఉన్నాయి. నేనే కదా వెతికి వెతికి రెండోవి కొన్నది! విడిపోయిన ఇళ్ళల్లో పిల్లలు లెక్కల పుస్తకం ఒకచోట మర్చిపోతారు, ఉన్ని చొక్కా ఒకచోట వదిలేస్తారు. దానికోసం ఏడుస్తారు, పోరుపెట్టి వెనక్కి వస్తారు, వచ్చి ఒక పూట ఉంటారు. నా కూతురికి ఆ అవసరం కూడా లేకుండా చేశాను. దాన్ని మళ్ళీ గుమ్మం ఎక్కించే వస్తువు నా ఇంట్లో ఒక్కటి లేదు. కూతుర్ని పోగొట్టుకోవడానికి ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకున్నవాడు ఇంకెక్కడా ఉండడు.

"ఆదివారం పదింటికి పంపిస్తాను" అంది వాళ్ళమ్మ. ఆమె గొంతులో గెలిచిన సంబరం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడటానికైనా ఏదో ఒకటి మిగిలేది.

పిడుగు రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగింది.

"ఆదివారం వచ్చేటప్పుడు నేనేం తెచ్చుకోవక్కర్లేదు కదా నాన్నా?"

తెచ్చుకో తల్లీ, ఇల్లంతా మోసుకురా, తెచ్చి నా ఇంట్లో మర్చిపో అని అరవాలనిపించింది. అది నా జవాబు కోసం చూస్తోంది. ఇప్పుడు ఏది చెప్పినా దానికి ఇంకో బరువే. సాయం చేయాలంటే దాన్ని తేలిగ్గా పంపడం ఒక్కటే నా చేతిలో ఉంది.

"అక్కర్లేదమ్మా, అన్నీ ఉన్నాయి" అన్నాను.

సరేనని, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దిగింది.